గంజాయి: మందు ఎంత, మత్తు ఎంత, చట్టం ఏమంటుంది?



తెలుగులో గంజాయి అంటాం. కన్నడంలో గాంజా అంటారు, దాని ఆకును భంగి సొప్పు అంటారు. తమిళులకు అది కంజా, ఒడియావారికి గంజేయి, మరాఠీవారికి గాంజా. ఎల్ల దాటినా పేరు పెద్దగా మారని మొక్క ఇది. ఒక్క పేరే కాదు, గంజాయి విషయంలో మన దేశపు చట్టం కూడా ఎల్ల దాటితే మారదు. సరిహద్దు జిల్లాల్లో కాపురముండే వాళ్లం ముందుగా గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఇదే.

మద్యం సంగతి వేరు. మద్యం రాష్ట్రాల చేతిలోని విషయం. మహారాష్ట్రలో సిరొంచ ఉన్న గడ్చిరోలి జిల్లాలో 1993లో మద్యనిషేధం పెట్టారు. నది దాటి తెలంగాణ ఒడ్డుకు వస్తే ఆ నిషేధం లేదు. యానాంలో ఒక ధర, పక్కనే కాకినాడలో ఇంకో ధర. ఇలా చూసి చూసి, గంజాయికి కూడా ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రూలు ఉంటుందని చాలామంది అనుకుంటారు. "అక్కడ తప్పు కాదటగా" అనే మాట ఇలా పుట్టినదే. దీనికి తోడు ఈమధ్య ఇంకో మాట వినిపిస్తోంది. "గంజాయి మందటగా, కాన్సరును కూడా తగ్గిస్తుందటగా" అని. ఈ రెండు మాటల్లో నిజమెంతో, కానిదెంతో ఈరోజు విడదీసి చెప్పుకుందాం.

మొదట మొక్కను గురించి. మనవాళ్లు పచ్చిరొట్ట ఎరువుకు వేసే జనుము వేరు, నారకు వేసే గోగు వేరు, ఈ గంజాయి వేరు. గంజాయిలో మగ మొక్కలు, ఆడ మొక్కలు విడివిడిగా ఉంటాయి. ఆడ మొక్క పూత మీద జిగటగా బంక ఊరుతుంది. మత్తు ముఖ్యంగా ఆ బంకలో ఉంటుంది. బంకను వేరుచేస్తే చరస్. పూత కొసలను కోసి ఎండబెడితే గంజాయి. కేవలం ఆకును నూరి వాడితే భంగు. ఇక గింజలో మత్తు దాదాపు ఉండదు. కాండం నుంచి నార వస్తుంది. ఇలా ఒకే మొక్కలో అయిదు సరుకులు ఉన్నాయి. వైద్యమైనా, చట్టమైనా ఏ భాగాన్ని గురించి మాట్లాడుతున్నామన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఈ మొక్కలో నూరుకు పైగా ప్రత్యేక రసాయనాలు ఉన్నాయి. వాటిలో రెండింటి పేర్లు తెలిస్తే మనకు చాలు. ఒకటి టెట్రాహైడ్రోకెనబినాల్, పొట్టిగా టి.హెచ్.సి. మత్తు కలిగించేది ఇదే. ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు రాఫెల్ మెషూలం, యెహీల్ గావోని 1964లో దీన్ని వేరుచేసి దాని నిర్మాణం కనుక్కున్నారు. రెండోది కెనబిడయాల్, అంటే సి.బి.డి. దీనితో మత్తెక్కదు.

ఈ రసాయనాలు మన మెదడు మీద ఎందుకు పనిచేస్తాయి? తాళంచెవి పట్టాలంటే తాళం ఉండాలి కదా! మెదడులో అలాంటి తాళాలున్నాయని 1988లో తేలింది. మరి గంజాయి కోసమే ప్రకృతి మెదడులో తాళాలు అమర్చిందా అంటే, కాదు. మన శరీరమే తయారుచేసుకునే ఒక పదార్థం కోసం అవి ఉన్నాయి. 1992లో దాన్ని కనుగొన్నవారు మన సంస్కృత పదం "ఆనందం" తీసుకుని దానికి ఆనందమైడ్ అని పేరు పెట్టారు. ఆకలి, నొప్పి, జ్ఞాపకం, వికారం, కండరాల బిగువు, ఇవన్నీ సరిగా నడవడంలో ఆ ఏర్పాటుకు పాత్ర ఉంది. బయటినుంచి టి.హెచ్.సి. వచ్చి ఆ తాళాల్లో దూరితే ఆకలి పెరగవచ్చు, వికారం తగ్గవచ్చు. అదే సమయంలో జ్ఞాపకం చెదరవచ్చు, కాలం అంచనా తప్పవచ్చు, లేనిపోని భయం పట్టుకోవచ్చు. మందూ, మత్తూ ఒకే వాకిట్లోంచి లోపలికి వస్తాయన్నమాట.

ఈ మొక్కను మందుగా చూడడం మన దేశంలో కొత్త కాదు. ఆయుర్వేదంలో దీనికి విజయ అని పేరు. గ్రహణికి వాడే జాతీఫలాది చూర్ణం వంటి యోగాల్లో దీని ఆకు చేరుతుంది. అయితే ఆయుర్వేదం దీన్ని కూరాకులాగా చూడలేదు. మన ఔషధ చట్టం నియమాలకు చేర్చిన ఒక పట్టికలో భంగు, గంజాయి, ఉమ్మెత్త, వత్సనాభి, విషముష్టి పక్కపక్కనే ఉన్నాయి. ఇవి విషపదార్థాల జాబితాలోనివి. వీటితో చేసిన మందు సీసా మీద, వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక ఉండి తీరాలి.

పాశ్చాత్య వైద్యానికి ఈ మొక్కను గట్టిగా పరిచయం చేసింది కూడా మన దేశమే. కలకత్తా వైద్య కళాశాలలో పనిచేసిన విలియం ఓషాగ్నెసీ అనే డాక్టరు 1839లో తన ప్రయోగాలను ప్రకటించాడు. కీళ్లవాతం, ధనుర్వాతం, పసిపిల్లల ఫిట్లు వంటి జబ్బుల్లో గంజాయి సారం ఇచ్చి చూశాడు. ధనుర్వాతం మానకపోయినా కొందరికి కండరాల బిగువు సడలిందని గమనించాడు. తరువాత బ్రిటిష్ ప్రభుత్వం 1893లో ఒక కమిషన్ వేసింది. దేశమంతటా వెయ్యిమందికి పైగా సాక్షులను విచారించి అది 1894లో నివేదిక ఇచ్చింది. మితంగా వాడితే పెద్ద కీడు కనబడలేదనీ, అతిగా వాడితే కీడు తప్పదనీ, పూర్తి నిషేధం అక్కరలేదనీ చెప్పింది. ఆపైన దాదాపు తొంభై ఏళ్లు లైసెన్సులు, పన్నుల పద్ధతే నడిచింది. "మా తాతల కాలంలో గంజాయి షాపులు ఉండేవి" అని పెద్దలు చెప్పేది అందుకే. అది నిజమే, కాని ఆ కాలం గడిచిపోయింది.

ఇప్పుడు వైద్యం సంగతి చూద్దాం. నేటి వైద్యశాస్త్రం పరీక్షించి, నిలబడతాయని ఒప్పుకున్న ఉపయోగాలు మూడు నాలుగు ఉన్నాయి.

మొదటిది, పిల్లల్లో వచ్చే కొన్ని మొండి మూర్ఛలు. డ్రావె సిండ్రోమ్ అనే అరుదైన జబ్బులో ఎన్ని మందులు వాడినా ఫిట్లు ఆగవు. 120 మంది చిన్నవాళ్ల మీద జరిగిన పరీక్ష ఫలితాలు 2017లో వెలువడ్డాయి. శుద్ధిచేసిన సి.బి.డి. ద్రావకం ఇచ్చిన వర్గంలో నెలకు 12 దాకా వచ్చే ఫిట్లు 6కు తగ్గాయి. ఉత్తుత్తి మందు ఇచ్చిన వర్గంలో 15 దాకా ఉన్నవి 14 దగ్గరే ఆగాయి. దీని ఆధారంగా అమెరికా ప్రభుత్వం 2018లో ఆ మందుకు అనుమతి ఇచ్చింది. ఇందులో గమనించవలసినవి రెండున్నాయి. పూర్తిగా ఫిట్లు ఆగినది నూటికి అయిదుగురికే. పైగా ఆ ద్రావకంలో మత్తు పదార్థం లేదు. మూర్ఛకు మన దగ్గర విరివిగా వాడే వాల్ప్రోయేట్ మాత్రతో కలిసినప్పుడు అది కాలేయాన్ని ఇబ్బంది పెట్టవచ్చు. కాబట్టి రక్తపరీక్షలు చేయిస్తూ వాడవలసిన మందు అది. ఇంట్లో ఆకు నూరి పిల్లవాడికి పోస్తే అది ఆ మందు కాదు.

రెండవది, కాన్సరుకు మందులెక్కించినప్పుడు వచ్చే వాంతులు. టి.హెచ్.సి.ని పోలిన మాత్రకు 1985లోనే అమెరికాలో అనుమతి వచ్చింది. అయితే ఆ తరువాత వాంతులకు ఇంతకంటె మెరుగైన మందులు వచ్చాయి. అవి మన ఆసుపత్రుల్లో దొరుకుతాయి. కనుక డాక్టర్లు ముందు వాటినే వాడతారు. మూడవది, మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బులో కండరాల బిగువు. నోట్లో చల్లుకునే ఒక స్ప్రే మందుకు 2010లో బ్రిటన్‌లో అనుమతి దొరికింది. నాలుగవది, దీర్ఘకాలపు నొప్పి. ఇక్కడ నిపుణులే ఏకాభిప్రాయానికి రాలేదు. అమెరికా జాతీయ అకాడమీలు 2017లో, పెద్దవాళ్ల నొప్పిలో ఇది ఉపకరిస్తుందనడానికి గట్టి ఆధారం ఉందన్నాయి. నొప్పి మీద పరిశోధించే అంతర్జాతీయ సంఘం 2021లో, ఉన్న ఆధారాలు చాలవు, మేము సిఫారసు చేయలేమంది.

ఇక కాన్సరును నయం చేస్తుందన్న మాట. ప్రయోగశాలలో గాజుగిన్నెలోని కణాల మీద కొంత ప్రభావం కనిపించింది. గాజుగిన్నెలో కణాన్ని చంపే పదార్థాలు వందలున్నాయి. మనిషి ఒంట్లో గంజాయి కాన్సరును నయం చేస్తుందనడానికి రుజువు లేదు. ఈ మాట నమ్మి, ఆపరేషనుకో రేడియేషనుకో పిలిచిన తేదీ దాటబెట్టి, నూనె సీసాల కోసం తిరిగే రోగి పోగొట్టుకునేది డబ్బు ఒక్కటే కాదు. చికిత్సకు లొంగే దశనే పోగొట్టుకుంటాడు.

కాన్సరు రోగి ఉన్న ఇంట్లో బాధ నాకు తెలియనిది కాదు. రాత్రంతా మూలుగుతున్న తల్లిని చూస్తూ కూర్చున్న కొడుకు, ఏదైనా సరే తెచ్చి ఇద్దామనుకుంటాడు. ఆ కొడుకు తెలుసుకోవలసింది ఏమిటంటే, ఆ నొప్పికి చట్టబద్ధమైన, బాగా పనిచేసే మందు మన దేశంలోనే ఉంది. అదే మార్ఫిన్ మాత్ర. మాదకద్రవ్యాల చట్టం భయంతో ఆసుపత్రులు దాన్ని ఉంచడానికే జంకే రోజులు ఉండేవి. 2014లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, మార్ఫిన్ వంటి అత్యవసర మందులకు దేశమంతటా ఒకే సులువైన లైసెన్సు పద్ధతి పెట్టింది. పెద్ద కాన్సరు ఆసుపత్రుల్లో ఉపశమన వైద్య విభాగాలు ఉన్నాయి. బళ్లారి, కోలారు వారికి బెంగుళూరు, చిత్తూరు సరిహద్దువారికి వేలూరు, నాందేడు వారికి హైదరాబాదు అందుబాటులో ఉంటాయి. అడగవలసింది గంజాయి నూనె కాదు, "నొప్పి తగ్గించే ఉపశమన వైద్యం ఎక్కడ?" అని.

మేలు చెప్పుకున్నాం, కీడు కూడా చెప్పుకోవాలి. గంజాయి అతిగా పడితే నల్లమందులాగా ఊపిరి ఆగిపోయే ప్రమాదం పెద్దవాళ్లలో చాలా అరుదు. అంతమాత్రాన అది నిరపాయమని కాదు. వాడేవారిలో సుమారు పదిమందికి ఒకరు దానికి బానిస అవుతారు. పద్ధెనిమిదేళ్లు నిండకముందే మొదలుపెట్టినవారిలో అది ఆరుగురికి ఒకరు. కుటుంబంలో మతిభ్రమ జబ్బు ఉన్నవారికి, చిన్న వయసులో గాఢమైన సరుకు తాగేవారికి ఆ జబ్బు బయటపడే ప్రమాదం పెరుగుతుంది. గర్భిణి వాడితే బిడ్డ బరువు తగ్గుతుంది. తాగి బండి నడిపితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. భంగు తాగినవారికి మత్తు వెంటనే తెలియదు, గంటా రెండు గంటలు పడుతుంది. ఎక్కలేదని ఇంకో లోటా తాగినవారు ఆసుపత్రి పాలవుతారు. కేంద్ర ప్రభుత్వం చేయించి 2019లో వెలువరించిన సర్వే ప్రకారం, దేశంలో 3 కోట్ల 10 లక్షలమంది ఆ ముందు ఏడాదిలో భంగో గంజాయో చరసో వాడారు. వారిలో సుమారు 72 లక్షలమందికి వైద్య సహాయం అవసరమయ్యేంత ముదిరింది.

ఇప్పుడు చట్టం. 1961లో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యాన మాదకద్రవ్యాల మీద అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. దానికి అనుగుణంగా మన పార్లమెంటు 1985లో మాదకద్రవ్యాల చట్టం చేసింది. కోర్టుల్లో ఎన్.డి.పి.ఎస్. చట్టం అని వినబడేది ఇదే. ఇది కేంద్ర చట్టం. రాయగడలోనైనా, రాయచూరులోనైనా, హోసూరులోనైనా, యానాంలోనైనా అక్షరం తేడా లేకుండా ఇదే వర్తిస్తుంది.

ఈ చట్టం దృష్టిలో గంజాయి అంటే పూత, కాయలున్న కొసలు. చరస్ అంటే బంక. ఈ రెండింటిలో దేనితో చేసిన మిశ్రమమైనా, పానీయమైనా చట్టం కిందికి వస్తుంది. గంజాయి కలిపి చాక్లెట్లంటూ అమ్మేవి కూడా ఇందులోవే. మిశ్రమం అయినప్పుడు అసలు మత్తుపదార్థం ఎంతని కాదు, మొత్తం బరువే లెక్క అని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. పూత లేకుండా విడిగా ఉన్న ఆకు, గింజ మాత్రం ఈ నిర్వచనంలోకి రావు. అందుకే కొన్ని రాష్ట్రాల్లో భంగుకు లైసెన్సు షాపులు ఉన్నాయి. కాని రాష్ట్రాల ఎక్సైజు చట్టాలు భంగును కూడా అదుపు చేస్తాయి. ఒకచోట లైసెన్సుతో అమ్మేది ఇంకోచోట నిషేధం కావచ్చు. ఎల్ల దాటితే రూలు మారేది ఈ ఒక్క భంగు ఆకుకే. అందుచేత ఒక రాష్ట్రంలో కొన్న భంగును సంచిలో వేసుకుని ఇంకో రాష్ట్రంలోకి రావడం మంచిది కాదు. పైగా ఆ ఆకులో పూత కొసలు కలిసివుంటే అది గంజాయే.

శిక్షలు బరువును బట్టి ఉంటాయి. కిలోలోపు గంజాయి దొరికితే ఏడాది దాకా కఠిన జైలు, పదివేల దాకా జరిమానా. కిలో నుంచి 20 కిలోల దాకా అయితే పదేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. 20 కిలోలు దాటితే పదేళ్లకు తగ్గకుండా ఇరవై ఏళ్ల దాకా జైలు, లక్షకు తగ్గకుండా రెండు లక్షల దాకా జరిమానా. చరస్ అయితే హద్దులు ఇంకా తక్కువ, వంద గ్రాములు, ఒక కిలో. అనుమతి లేకుండా మొక్క పెంచినా పదేళ్ల దాకా జైలు పడవచ్చు.

ఇందులో మన సరిహద్దు జిల్లాల కుర్రవాళ్లకు ముఖ్యంగా చెప్పవలసింది ఉంది. అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యం, ఆవల ఒడిశాలోని మల్కనగిరి, కోరాపుట్ కొండలు గంజాయి సాగుకు పేరుపడ్డాయి. 2021లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేరుతో వేల ఎకరాల్లో తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోల సరుకును తగులబెట్టారు. అయినా సరుకు ఆగలేదు. రైళ్ల మీద, లారీల మీద తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రలకు పోతూనే ఉంది. దాన్ని మోసేది ఎవరు? పని దొరకని కుర్రాడు, క్లీనరు, కూలి. కొన్ని వేల రూపాయలు చేతిలో పెట్టి, "ఈ సంచి ఫలానా స్టేషనులో దింపు, అంతే" అంటారు. సంచి 20 కిలోలు దాటితే ఆ కుర్రాడికి కనీసం పదేళ్లు. అంత పెద్ద కేసుల్లో బెయిలు దొరకడం చాలా కష్టం. నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణం ఉందని జడ్జికి తోస్తేనే బెయిలు. సంచి అతని వశంలో దొరికిందని ప్రాసిక్యూషను చూపిస్తే, "లోపల ఏముందో నాకు తెలియదండీ" అన్న మాట చాలదు. తెలియదని రుజువు చేసుకునే భారం అతనిదే. మోసినవాడు దొరుకుతాడు, మోయించినవాడు దొరకడు. తెలిసి ఇల్లు గాని, ఆటో గాని ఇచ్చినవారు కూడా నేరస్థులే. బండి జప్తు అవుతుంది.

చట్టంలో శిక్ష ఒక్కటే కాదు, దారులూ ఉన్నాయి. వైద్య, శాస్త్ర పరిశోధనలకు లైసెన్సు ఇస్తారు. నార కోసం, గింజ కోసం సాగు చేయడానికి ప్రభుత్వాలు అనుమతించవచ్చు. ఉత్తరాఖండ్ ఆ విధంగా మత్తు తక్కువగా ఉండే రకాలకు లైసెన్సులిచ్చింది. గింజను, గింజల నూనెను ఆహారంగా అమ్మడానికి 2021లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ప్రమాణాలు పెట్టింది. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సంఘం గంజాయిని అతి ప్రమాదకరమైన జాబితా నుంచి తీసేసింది. 27 దేశాలు అనుకూలంగా, 25 వ్యతిరేకంగా ఓటు వేశాయి. అనుకూలంగా వేసిన వాటిలో మన దేశం ఒకటి. ఈ వార్త చూసి గంజాయి మీద నిషేధం పోయిందని కొందరు అనుకున్నారు. పోలేదు. దాని వైద్యపు విలువను గుర్తించారు, అంతే. అదుపు జాబితాలో అది ఇంకా ఉంది.

మరి ఇప్పటికే అలవాటు పడ్డవారి మాటేమిటి? ఈ చట్టంలోనే 64ఎ అనే సెక్షను ఉంది. తన వాడకం నేరానికో, కిలోలోపు కేసుకో గురైన మత్తు బానిస తనంతట తానుగా ప్రభుత్వం గుర్తించిన ఆసుపత్రిలో చేరి చికిత్స పొందితే అతణ్ణి ఆ నేరానికి విచారించరు. చికిత్స మధ్యలో మానేస్తే మాత్రం ఆ రక్షణ తీసివేయవచ్చు. కొడుకు జేబులో పొట్లం దొరికితే కొట్టడమో, పరువు పోతుందని దాచడమో చేసే తల్లిదండ్రులు ఈ సెక్షను సంగతి తెలుసుకోవాలి. మత్తు మాన్పించే కేంద్రాల వివరాలకు 14446 నెంబరుకు ఫోను చేయవచ్చు. కేసులో ఇరుక్కున్న పేదవారికి ఉచితంగా వకీలును పెట్టే న్యాయసేవా సంస్థ నెంబరు 15100. ఈ రెండూ ఏ రాష్ట్రం నుంచైనా పనిచేస్తాయి.

తులసివనంలో గంజాయి మొక్క అని మన సామెత. ఆ మొక్కలోనూ మందు ఉందని ఈనాటి శాస్త్రం చెబుతోంది. కాని ఆ మందు కొలత తెలిసిన సీసాలో, డాక్టరు చీటీ మీద, రోగం పేరు చెప్పి వస్తుంది. చీటీ లేకుండా, కొలత లేకుండా, ఎవరో ఇచ్చిన సంచిలో వచ్చేది మందు కాదు. ఆ సంచి పట్టుకుని ఏ వాగు దాటినా, ఏ చెక్‌పోస్టు దాటినా, అవతల ఒడ్డునా ఇదే చట్టం ఉంటుంది. ఈ మాట మీ ఇంట్లో కుర్రవాళ్లకు ఒక్కసారి చెప్పండి.